ఎడమవైపు ఎరుపు

"అయ్యో, ఎంత పని చేశాను!"

చేతిలోని గుడ్డ మీద ఎరుపూ నీలమూ కలిసి బురదలా ఉన్నాయి. బల్ల మీద అచ్చు రేకులు తళతళ మెరుస్తున్నాయి. కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. రోజూ మధ్యాహ్నం రేకులు తుడవడం ఆమె పని. ఇవాళ బల్ల మీద రెండున్నాయి. ఒకటి నిన్నటిది. రెండోది మామగారు పొద్దున్నంతా నిలబడి రంగులు పూసి, అచ్చు తీయకుండానే భోజనానికి దిగి వెళ్ళినది. ఏదో ఆలోచనలో పడి రెండూ తుడిచేసింది.

ఈ పద్ధతిలో పూసిన రంగుకు ఒక్కటే అచ్చు. అది పోతే రెండోది లేదు. నాలుగింటికి ప్రదర్శన వాళ్ళ మనిషి వస్తాడు. అక్కడ గోడ మీద ఒక్క చోటు ఖాళీగా ఉంచింది దీనికోసమే.

మామగారి సంగతి తెలియనిదెవరికి? రంగు డబ్బా బెత్తెడు పక్కకు జరిపినందుకు ఒక శిష్యుణ్ణీ, దారిలో స్టూలు పెట్టినందుకు ఇంకొకణ్ణీ అదే రోజు పంపించేశారు. కోడలైతే మాత్రం వదిలేస్తారా? ఎనిమిది నెలలు బతిమాలితే ఈ గదిలోకి రానిచ్చారు. ఇక ఈ గడప తొక్కనివ్వరేమో.

గోడకు ఈ అచ్చు కోసం రెండేళ్ళ కిందట ఆయన వేసుకున్న నమూనా వేలాడుతోంది. ఎడమవైపు పెద్ద ఎరుపు, కుడివైపు నీలం, మధ్యలో సన్నగా పసుపు. బొమ్మా లేదు, పాడూ లేదు.

"ఇంతేగా! నేనే పూసేస్తే?"

దొంగబుద్ధి ఒకసారి పుట్టాక ఊరుకుంటుందా? రోలర్ అందుకుంది. నమూనా వంక చూడటం, పూయడం.

పసుపు పూర్తయ్యేసరికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. మామగారు అలవాటు ప్రకారం లెక్కపెట్టుకుంటూ ఎక్కుతున్నారు. "పదకొండు, పన్నెండు..."

గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చారు. "రంగు వాసన ఇంకా పచ్చిగానే ఉందే?"

"కిటికీ మూసుంది కదా మామయ్యా, అందుకేమో."

"ఊఁ. ప్రదర్శన వాళ్ళ ఉత్తరం వచ్చిందన్నావుగా, చదువు. కళ్ళజోడు కింద వదిలేశాను."

చదివింది. నాలుగు వాక్యాలకే నాలుగుసార్లు తడబడింది.

"గొంతు వణుకుతోందేమే?"

"ఏం లేదు మామయ్యా."

"భయపడాల్సింది నేను, నీకెందుకమ్మా?" అని నవ్వారు.

వేళ్ళతో రేకు అంచులు తడిమి, కాగితం పరిచి, ప్రెస్సు పిడి తిప్పారు. అది కిర్రుమంటూ కదిలింది. సరిగ్గా అప్పుడు ఆమె నెత్తిన పిడుగు పడింది. అచ్చు తిరగబడుతుంది! రేకు మీద ఎడమన ఉన్నది కాగితం మీద కుడివైపుకు వస్తుంది. ఆయన మొదటి రోజు చెప్పిన పాఠమే అది. కంగారులో నమూనాను ఉన్నదున్నట్టు దింపేసింది. కొంప మునిగింది.

ఆపమనేలోపే పిడి పూర్తిగా తిరిగిపోయింది. ఆయన కాగితం మూలలు పట్టి లేపి, తిప్పి బల్ల మీద పరిచారు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అమ్మాయీ!"

"మామయ్యా, నేను..."

"ఇలా రా, చూడు! ఎంత బాగా వచ్చిందో!" ఆయన గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "ఇంతకంటే ఏం కావాలే నాకు? ఎడమవైపు ఈ ఎరుపు చూడు, ఎలా వెలిగిపోతోందో!"

తన లెక్కే తప్పిందా? సరిగ్గానే పూసిందా? హమ్మయ్య అనుకుని కళ్ళు తెరిచింది. మామగారు కాగితం ఎడమవైపు వేలు పెట్టి మురిపెంగా చూపిస్తున్నారు.

ఆ వేలి కింద ఉన్నది నీలం.