నలభై మూడో మెట్టు

"దీపాలవాడి అడుగుల చప్పుడు ఇక్కడే ఆగుతుంది పెద్దమ్మా," అన్నాడు గైడు, పాత లైట్‌హౌస్ నలభై మూడో మెట్టు మీద నిలబడి. "దీపం వెలిగించకుండా నిద్రపోయాడు. పడవ నల్లబండకు కొట్టుకుని ముక్కలైంది. అప్పట్నుంచీ దయ్యమై ఎక్కుతూనే ఉన్నాడు."

నిజానికి గైడు మోకాలు మొరాయించే మెట్టది. పడవ సంగతి నిజమే గానీ, ఈ దయ్యం మాత్రం కాస్త ఊపిరి పీల్చుకోడానికి పదేళ్ల కిందట అతనే కల్పించింది.

ఆ పూట వచ్చింది ఈ ముసలావిడ ఒక్కతే. సున్నం గోడను తడిమింది.

"మా నాన్న నిద్రపోలేదు బాబూ. రోజూ ఇక్కడే ఆగేవాడు. ఇక్కడో కిటికీ ఉండేది. మా గుమ్మంలోంచి నేను చెయ్యి ఊపితేగానీ పైకెక్కేవాడు కాదు."

గైడు ఆవిడ వైపు తిరిగాడు. "మరి ఆ రోజు?"

"ఒళ్లు తెలియని జ్వరం నాకు. చెయ్యి ఊపలేదు. దీపం సంగతే మరిచి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు."

ఆవిడ గోడకేసి చెయ్యి ఊపింది.

"తగ్గిపోయింది నాన్నా. ఇక ఎక్కు."

మెట్ల మీద వాళ్లిద్దరే ఉన్నారు. అయినా గైడు గోడకు ఒదిగి దారిచ్చాడు.