కంప్యూటర్లో కృపారావు సంతకం

"ఇది మీ సంతకం కాదు దాదా" అన్నాడు బ్యాంకు గుమాస్తా మండల్ బాబు, కాగితం వెనక్కి తోస్తూ.

కృపారావుకి ఒళ్ళు మండిపోయింది. "నీ కళ్ళ ముందే నా సేత్తో పెట్టినాను కదా! నాది కాకపోతే ఇంకెవడిది?"

"కంప్యూటర్లో ఉన్నది వేరేలా ఉంది. రెండూ కలిస్తేనే లాకరు తెరుస్తాను."

కృపారావు ఆ బెంగాలీ ఊళ్ళో గూడ్సు బండి గార్డు. రాత్రంతా లైన్లో డ్యూటీ చేసి, బండి దిగి తిన్నగా బ్యాంకున్న గోల్‌బజార్‌కి వచ్చాడు. కూతురు ఎమిలీ నర్సింగు సర్టిఫికెట్లు ఆ లాకర్లోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే వాల్తేరులో ఆసుపత్రి ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఒరిజినల్స్ లేకపోతే గుమ్మం కూడా తొక్కనివ్వరు. ఆ పిల్ల పెట్టె సర్దుకుని స్టేషన్లో కూర్చుంది. బండి రావడానికి గంట కూడా లేదు.

మళ్ళీ పెట్టాడు. మండల్ బాబు తెరకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి పెట్టాడు. కంగారులో పెట్టినకొద్దీ సంతకాలు తలో దారి పడుతున్నాయి.

"ఆ పెట్టి ఇటు తిప్పవయ్యా. ఒక్కపాలి సూసి పెడతాను."

"ఎవరికీ చూపించకూడదు. చూస్తే ఎవరైనా అలాగే గీసేస్తారు. ఇదంతా మీ భద్రత కోసమే."

"నా సంతకం నాకే సూపించవా? ఇదెక్కడి సోద్యం! ముఖర్జీ బాబు నా మొగం సూసి తాళం తీసీవోడు."

"ఆయన రిటైరయ్యాడు. కంప్యూటర్‌కి మొహాలు తెలియవు."

కృపారావు కౌంటరు మీద గుద్దాడు. "అయితే ఎవడో ఆ పెట్టిలో దూరి నా సంతకం మార్సీసినాడు!"

"ఎలా దూరతారు? సంకేతపదం మేనేజరుగారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు."

"అయితే మీ ఇద్దర్లోనే ఉన్నాడు దొంగ! పిలవండి పోలీసుల్ని!"

వెనక వరసలో జనం గొణుగుడు మొదలెట్టారు. గోడ గడియారం చూసి కృపారావు గొంతు తగ్గించాడు. అరిచి గోల చేస్తే సర్టిఫికెట్లు బయటికి రావు కదా. ఏం చెయ్యాలో పాలుపోక నుదురు పట్టుకున్నాడు.

అంతలో అతని భార్య దేవమణి స్టేషన్ నుంచి రిక్షాలో వచ్చి పడింది. "ఏటండీ ఇంత సేపు? పిల్ల ఏడుపొక్కటే తక్కువ!"

కృపారావు జరిగింది చెప్పాడు. ఆమె కౌంటరు మీది కాగితం తీసి, అతను పెట్టిన సంతకాలన్నీ చూసింది. తర్వాత మండల్ బాబు వైపు తిరిగి బెంగాలీలో బతిమాలింది.

"దాదా, ఈయనకి బీపీ. చెయ్యి ఎలా వణుకుతోందో చూడండి. కాస్త నేను పట్టుకుంటాను."

మండల్ బాబు పెరిగిపోతున్న వరసని చూసి సరేనన్నాడు.

దేవమణి భర్త వేళ్ళ మధ్య పెన్ను పెట్టి, పిల్లాడి చేత పలక మీద అక్షరాలు దిద్దించినట్టు ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. "బిగబట్టకండి. సెయ్యి ఒగ్గీయండి" అంది చెవిలో. పెన్ను ఎక్కడా ఆగకుండా సర్రున సాగింది. మొదటి అక్షరానికి పొడుగాటి తోక, చివర కింద రెండు గీతలు, పక్కన చుక్క.

మండల్ బాబు తెర చూశాడు. కాగితం చూశాడు. మొహం విప్పారింది.

"ఆ, ఇదీ సంతకమంటే! అచ్చు గుద్దినట్టుంది. ముందే ఇలా పెడితే ఈ గొడవంతా ఉండేది కాదుగా!" అంటూ తాళాల గుత్తి తీసుకుని లేచాడు.

కృపారావు నోరు తెరుచుకుని కాగితం వైపే చూస్తున్నాడు. "ఇదేటే! నాకే రాని నా సంతకం నీకెలాగొచ్చింది?"

దేవమణి అతన్ని లాకరు గది వైపు తోస్తూ తెలుగులో మెల్లగా అంది:

"సంతకం కావాల్సినప్పుడల్లా మీరు లైన్లో ఉంటారు. పెళ్ళైన కాడ్నించీ మీ సంతకం పెడతన్నది నానే కదండీ!"