నోట్లో పుల్ల

ఒక ఇంటి తోటలో ఈతకొలను ఉండేది. ఇళ్ళలో బావులుండే రోజుల్లో చుట్టూ పిట్టగోడైనా కట్టేవారు. సరే, ఆ సంగతి వదిలేద్దాం. కొలను పక్క పొదలో ఇద్దరు ముంగిస అక్కచెల్లెళ్ళు పిల్లలతో కాపురముండేవారు. పిల్లల్ని అందరూ చూస్తున్నారులే అనుకుని ఎవరూ చూడరేమోనని అక్కకు భయం. అందుకని ఒక పద్ధతి పెట్టింది. పిల్లలు గట్టున ఆడేటప్పుడు ఒకరు నోట్లో పుల్ల పట్టుకుని కాపలా కూర్చోవాలి. పుల్ల ఉన్నంతసేపూ తిండి లేదు, మాట లేదు.

ఆ పూట వంతు అక్కది. చెల్లెలు కోడిగుడ్డు దొర్లించుకొచ్చింది.

"రా అక్కా, ఇంకా వెచ్చగానే ఉంది!"

కొమ్మ మీది కాకి నవ్వింది. "ఏం ముంగిసమ్మా, మూగనోమా?"

అక్క తల తిప్పలేదు.

అంతలో చెల్లెలి చిన్నకూన జారి నీళ్ళలో పడింది. అరుపు లేదు, చప్పుడూ లేదు. చెల్లెలు గుడ్డు పగలగొడుతూనే ఉంది. అక్క పుల్ల వదిలేసి దూకింది. కూన మెడ కరిచి పట్టుకుని గట్టెక్కించింది.

కాకి కిందికి దిగింది. "కన్నతల్లికే తెలియలేదే, నీకెలా తెలిసిందమ్మా?"

అక్క కొలను వైపు చూసింది. మిగతా పిల్లలింకా గట్టునే ఉన్నారు. తడి ఒంటితోనే పుల్ల వెతికి తెచ్చి, ఏడుస్తున్న చెల్లెలి నోట్లో పెట్టింది. అప్పుడు కాకి వైపు తిరిగింది.

"ఆఁ, ఇప్పుడడుగు బావా."