ఐదో టెర్మినల్

మౌసు నా చేతికిచ్చి, "ఆ మూలనున్న ఇంటూ గుర్తు నొక్కమ్మా," అంది మా అమ్మాయి షైనీ.

నిన్న దాని కంప్యూటర్లో నల్ల తెరమీద అక్షరాలు వాటంతటవే పరుగెడుతుంటే, ఎవరో దొంగలు చొరబడ్డారనుకుని ఆ గుర్తే నొక్కేశాను. ఆరు గంటల ఆఫీసు పని పోయింది.

"మళ్ళీ నాచేతా? ఉన్న ఉద్యోగం ఊడిపోద్దే."

"ఊడదు. ఈ నల్ల తెరల్ని టెర్మినళ్లంటారు. నిన్నటిలా పని పోకుండా ఉండేదాని కోసం పొద్దుట్నించీ నాలుగు రకాలు చూసేను. ఒకటి అందంగా ఉంది, ఒకటి చురుగ్గా ఉంది. ఇది ఐదోది. నొక్కు."

ప్రభువుని తలుచుకుని నొక్కాను. తెర పోలేదు. మధ్యలో ఏదో రాసి చూపించింది.

"ఏమంటోందే?"

"లోపల పని నడుస్తోంది, నిజంగా మూసెయ్యమంటారా అని అడుగుతోంది. నాకిదే నచ్చింది. ఇదే ఉంచుకుంటాను."

"అది అడిగితే నచ్చుద్ది. నేనడిగితే నస."

"నువ్వు రోజుకి యాభై అడుగుతావు. నిన్న అడగాల్సిన ఒక్కటీ అడగలేదు."

నిజమే. ఇక ఏదీ అడగకూడదనుకున్నాను. సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసుందని షైనీ స్కూటీ తాళం తీసుకున్నా, నోరు మూసుకుని అరటికాయ తరుగుతూ కూర్చున్నాను.

గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"హెల్మెట్ పెట్టుకున్నావా అని అడగలేదేం? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

మేకుకి తగిలించి ఉన్న హెల్మెట్ తీసుకుని గుమ్మంలో ఆగింది.

"నిజంగా బాగానే ఉందా అమ్మా?"