చర్మం ముక్క

అక్షత జన్యు జబ్బుల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందుతున్న డాక్టర్. శివమ్మకు ఒక మంచి కబురు ఫోన్లో చెప్పబుద్ధి కాక, జహీరాబాద్‌లో బస్సు మారి న్యాల్‌కల్ దాకా వచ్చింది.

శివమ్మ వాకిట్లో అల్లం ఏరుతోంది. కండరాలు కరిగిపోయే జబ్బుతో ఆమె ఎనిమిదేళ్ల కూతురు చనిపోయి నాలుగేళ్లవుతోంది.

"అమ్మా, అప్పుడు నిన్ను అడిగి బిడ్డ చెయ్యి మీదికెల్లి చిన్న చర్మం ముక్క తీసుకున్నం గదా. కొత్త మందు దాని మీదనే పరీక్ష చేసినం. పనిచేసింది. ఇగ ఆ జబ్బున్న పిల్లలకు ఆశ ఉన్నది."

శివమ్మ చేతులు ఆగిపోయాయి. "ఇన్నేండ్లకు అది ఎండిపోలేదా?"

"లేదమ్మా. వెచ్చటి పెట్టెల పెట్టి తిండి పెడుతున్నం. అది బతికే ఉన్నది, పెరుగుతనే ఉన్నది."

ఆ మాటకు ఆమె సంతోషిస్తుందని అక్షత అనుకుంది. శివమ్మ చేతిలోని అల్లం కింద పెట్టింది.

"జర ఇంటికి తెచ్చుకోవచ్చా?"

"బయటికి తీస్తే చచ్చిపోతదమ్మా. నీకు ఇష్టం లేకుంటే చెప్పు, ఇప్పుడైనా ఆపేయిస్త."

"వద్దు, ఆపకున్రి," అంది శివమ్మ గబగబా. తర్వాత గొంతు తగ్గించింది.

"బిడ్డను మా చేన్లనే బొందవెట్టినం. పొద్దున లేస్తనే పోయి, దాని పక్కన కూసొని ముచ్చట చెప్పొస్త. ఒక్క దినం తప్పలే."

ఆమె అక్షత ముఖంలోకి చూసింది.

"నాలుగేండ్ల సంది బిడ్డ లేని జాగల మాట్లాడుతున్ననా, డాక్టరమ్మా?"