మూడో వైరు

"త్వరగా తేల్చవయ్యా లింగమూర్తీ! నాలుగు రోజులు సెలవు పెట్టాను. నేను లేకపోతే అక్కడ ఆఫీసు ఆగిపోతుంది," అన్నాడు ఉదయ్ భాస్కర్.

కొత్తగూడ షెడ్డులో అతని పాత పికప్పు నిలబడ్డ చోటే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

"జర ఆగుండ్రి సార్. నాలుగు సిలిండర్లల్ల దొంగెవ్వడో చూద్దాం," అంటూ మెకానిక్ లింగమూర్తి మొదటి సిలిండర్ వైరు పీకాడు. బండి ఊగిపోయింది. అది పెట్టేసి రెండోది పీకాడు. ఆగిపోబోయింది. మూడోది పీకాడు. వణుకు పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

"దొరికిండు!"

"ఇదా? పీకినా ఏమీ కాలేదుగా!"

"గందుకే సార్. పనిచేసేటోన్ని తీస్తే బండి గోల జేస్తది. తీసినా ఫరక్ పడలేదంటే వాడు ఉత్తగనే కూసున్నట్టు."

ఉదయ్ భాస్కర్ ఫోన్ తీసి చూశాడు. సెలవు మొదలైన సోమవారం నుంచి ఆఫీసు కాల్ ఒక్కటీ లేదు. తన టీమ్‌లోని రసజ్ఞకు తనే చేశాడు.

"రసజ్ఞా, నేను లేక టీమ్ ఇబ్బంది పడుతోందా?"

"అస్సలు లేదు సార్! కావాలంటే ఇంకో వారం ఉండండి."

అతని మొహం చూసి లింగమూర్తి నవ్వాడు. "పరేషాన్ గాకుండ్రి సార్. పారేసుడేం లేదు, సాఫ్ జేసి పెడితే మల్ల మంచిగ పనిజేస్తది."

ఆలోపే ఉదయ్ భాస్కర్ మిగిలిన సెలవు రద్దు చేసుకున్నాడు.