రెండో పరీక్ష

“ఇంకోసారి సూదా? నేను పెట్టనియ్య,” అంటూ భీమ్లి ఇంటి వాకిట్లో అడ్డంగా కూర్చుంది. లోపల కోడలు సోమ్లి ఒళ్లో నాలుగు రోజుల మనవరాలు పడుకుని ఉంది.

ల్యాబు మహిపాల్ లూనాకు స్టాండు వేసి, చెమటైనా తుడుచుకోకుండా చేతులు జోడించాడు. అది 2002 ఎండాకాలం. ఎనిమిదింటికే ఎండ మండిపోతోంది. బాన్సువాడలో తొమ్మిదింటికి ల్యాబు తెరవమంటే పదింటికి తీరిగ్గా తాళం వెతుక్కునే మనిషి, ఎవరూ పిలవకుండా నస్రుల్లాబాద్ దాటి ఈ తండాదాకా రావడం విడ్డూరమే.

“ఒక్క చుక్క అవ్వా. మడమ కాడ గుచ్చుత, అంతే.”

“నిన్న బాగుందని నువ్వే రాసిస్తివి గదా బిడ్డా? డాక్టరమ్మ గా కాయితం సూసే ఇంటికి పొమ్మన్నది.”

“పుట్టిన పిల్లలకు నెత్తుట్ల విషం ఎక్కితే ఒక్కోసారి మొదటి రోజే తేలదు. ఇంకో రోజుకు తేలుతది. పాలు తాగుతుందా?”

భీమ్లి లోపలికి తొంగిచూసింది.

“రాత్రి సంది నోరు తెరుస్తలేదన్నా,” అంది సోమ్లి లోపలి నుంచి.

బిడ్డ తండ్రి ధర్మా వచ్చి తన తల్లి భీమ్లి పక్కన కూర్చున్నాడు. “తియ్యనియ్యే యాడీ. మంచోడు. నిన్న ఆఖరి బస్సు పోతదని మనం ఆగమాగం చేస్తే, కరెంటు లేకున్నా పది నిమిషాల్ల రిపోర్టు చేతుల పెట్టిండు.”

భీమ్లి పక్కకు జరిగింది. మహిపాల్ తల వంచుకుని సూది తీశాడు. గుచ్చితే బిడ్డ సరిగ్గా ఏడవను కూడా లేదు. ఏడిస్తే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంది.

“మీరు జీపు మాట్లాడుకొని నా ఎనుకనే డాక్టరమ్మ కాడికి రాండ్రి,” అని బండెక్కాడు.

ల్యాబులో నెత్తురు గడ్డకట్టేదాకా కదలకుండా కూర్చున్నాడు. కరెంటు మిషన్లో తిప్పి, పైకి తేలిన పసుపు నీటిని ఒక్క చుక్క నల్ల పలక మీద వేసి, మందు చుక్క కలిపి, అటూ ఇటూ మెల్లగా వంచాడు. అంతా అయ్యేసరికి అరగంట దాటింది. రెండు నిమిషాలైనా కాకముందే పలక మీది తెల్లటి చుక్క విరిగిన పాలలా పలుకులు కట్టింది. కాగితం పట్టుకుని డాక్టర్ వందన దగ్గరికి పరుగెత్తాడు.

“సీఆర్పీ పాజిటివా! నెత్తుట్ల ఇన్ఫెక్షన్ ఉన్నట్టే!” ఆమె మొహం వాడిపోయింది. అప్పుడే వచ్చి ఆగిన జీపును అటునుంచి అటే నిజామాబాద్ పంపించింది. “మొదటి రోజు దొరక్కపోవచ్చు మహిపాల్, నువ్వేం చేస్తవ్? నిన్ననే తెలిసుంటే ఇక్కడే మందు మొదలుపెట్టేదాన్ని. నువ్వు పోయి తెచ్చినవ్ కాబట్టి ఈమాత్రమన్నా తెలిసింది.”

ఆ రెండు రోజులూ మహిపాల్‌కు అన్నం సహించలేదు. ఎవరి జీపు ఆగినా బయటికొచ్చి చూశాడు.

మూడో రోజు ధర్మా ఒక్కడే ల్యాబు మెట్లెక్కాడు.

“పోయిందన్నా. నిన్న పొద్దుగాల. ఒక్క రోజు ముందు తెస్తే దక్కేదన్నరు.”

మహిపాల్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. “తప్పు నాదే ధర్మా.”

“నీ తప్పేందన్నా? సొంతోళ్లన్న గంత ఫికర్ చెయ్యరు. అడ్డం కూసున్నందుకు మా యాడి తల కొట్టుకొని ఏడుస్తున్నది. నిన్ను మాఫ్ చెయ్యమన్నది.”

“అట్ల అనకు. నేను...”

“ఇగ ఊకో అన్నా.” ధర్మా అతని చేతులు రెండూ కళ్లకు అద్దుకున్నాడు. ఏడుపు ఆపుకుంటూ మెట్లు దిగిపోయాడు.

మహిపాల్ అతన్ని వెనక్కి పిలవలేదు.

మొదటి రోజు ఆ నెత్తురును అతను పరీక్షించనే లేదు.